చిన్నపేగు క్షేమం అడిగే ఒక్‌బున్

ఒక్‌బున్ పెద్దమ్మ ఎవరినీ "బాగున్నావా?" అని అడగదు. "నీ చిన్నపేగు ఎలా ఉంది?" అని అడుగుతుంది. పెళ్లిచూపుల్లో మొగుణ్ణీ అదే అడిగిందట. అయినా చేసుకున్నాడు, గట్టి పేగే అయ్యుంటుంది.

కొరియాలోని తేగు ఊళ్లో పేగులు కాల్చిపెట్టే వీధిలో నలభై ఏళ్లుగా ఆమెకు కొట్టుంది. రోజూ పంది పేగుల్ని తిరగేసి, ఉప్పూ పిండీ పట్టించి, ఏడు నీళ్లతో కడుగుతుంది. కడిగినంతసేపూ పొగుడుతుంది.

"పొట్ట ఒట్టి డబ్బారాయుడురా. గిరగిరా తిప్పి కిందికి తోసేస్తుంది. అన్నంలో సారం లాగేది చిన్నపేగు. లోపల మఖమల్ గుడ్డలా నూగుంటుంది. ఆ నూగు పీల్చుకుంటేనే ఒంటికి పట్టేది."

"మరి పెద్దపేగో?" అని టాక్సీ నడిపే ఫిల్‌సు ఎగదోసేవాడు.

"అది మిగిలిన నీళ్లు పీల్చుకుంటుంది. విందు అయిపోయాక వచ్చిన చుట్టం."

పక్కన కూర్చున్న కిహ్వాన్ కడుపుబ్బ నవ్వేవాడు. అతనిదీ టాక్సీయే. పెళ్లాం పోయింది, పిల్లల్లేరు. శనివారం సాయంత్రాలు ఆ బల్ల దగ్గర ఫిల్‌సుతో కూర్చోవడమే అతనికున్న సంసారం.

ఈ వసంతంలో కిహ్వాన్ పేగు మెలిపడింది. డాక్టర్లు చిన్నపేగులో సగానికి పైగా కోసేశారు. చెల్లెలి ఊరు వెళ్లానని అందరికీ అబద్ధం చెప్పాడు. తెలిస్తే జాలిపడతారు, జాలిపడ్డవాళ్లు తాగడానికి పిలవరు. ఆ బల్ల పోతే ఇంకేముంది?

రెండు నెలల తర్వాత ఒక శనివారం కొట్లోకి వచ్చాడు.

"నీ చిన్నపేగు ఎలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉంది పెద్దమ్మా," అన్నాడు తల వంచుకుని.

గోడకి కొత్తగా నియమాల అట్ట వేలాడుతోంది. ముందు గంజి తాగాలి. పళ్లెంలో ఒక్కసారికి నాలుగే ముక్కలు. ముక్కకి ముప్పైసార్లు నమలాలి. తినేటప్పుడు సోజు సారా లేదు, తిన్న అరగంటకి. కత్తెర పట్టుకుని ఆమె అందరి ముక్కల్లోనూ కొవ్వు కత్తిరించేస్తోంది.

"కొవ్వు తీసేస్తే ఇంక తినడమెందుకు పెద్దమ్మా?" అన్నాడు ఫిల్‌సు.

"పదిహేడుసార్లే నమిలావు. లెక్కపెడుతున్నా."

ఫిల్‌సు కిహ్వాన్ వైపు తిరిగి గొణిగాడు. "పోయిన శనివారం దాకా ఈ గోల లేదన్నా. నువ్వొచ్చావు, ఈ అట్ట వచ్చింది. నీది శని పాదమేమో."

కిహ్వాన్ నమలడం ఆపాడు. అట్టని మళ్లీ చదివాడు. ఆసుపత్రివాళ్లు రాసిచ్చి పంపిన కాగితంలో ఉన్నవీ అవే. నీళ్లన్న చోట సోజు ఉంది, అక్షరాలు కాస్త వంకర.

లేచి పెరట్లోకి వెళ్లాడు. అప్పటికి ఆమె తొట్టి దగ్గరికి చేరి పేగులు కడుగుతోంది.

"ఎలా తెలిసింది పెద్దమ్మా?"

"మంగళవారం మూల మీద గంజి కొట్టు దగ్గర టాక్సీ దిగావు. పసిపిల్లని ఎత్తుకున్నట్టు పొట్ట పట్టుకుని నడిచావు. పేగు కోశారని అప్పుడే తెలిసిపోయింది. నేను పేగుల మనిషిని, నా దగ్గరా దాపరికం?"

"వాళ్లకి చెప్పకు."

"ఏం చెప్పాలి? నా కొట్టు, నా అట్ట."

కిహ్వాన్ తొట్టిలోకి వంగి చూశాడు. "మిగిలిన ముక్క సరిపోతుందా?"

ఆమె ఒక పేగు తిరగేసి, లోపలి నూగుని బొటనవేలితో నిమిరింది. "నా కొట్లో తినే డాక్టరుని అడిగా, అట్ట మీదవీ ఆయన చెప్పినవే. మిగిలింది పోయినదాని పని నేర్చుకుంటుందట. నూగు ఇంకా పొడుగ్గా పెంచుకుంటుందట. ఏడాదో, రెండేళ్లో. కంగారు పెట్టకు, పనిమంతురాలది."

అతను వచ్చి తన చోట కూర్చున్నాడు. గంజి బాగుంది. ఆమె చేతులు తుడుచుకుంటూ వెనకే వచ్చింది.

"ఈ పథ్యం మాకెన్నాళ్లు పెద్దమ్మా?" అన్నాడు ఫిల్‌సు.

"పేగుకి పని వచ్చేదాకా."

"ఎవరి పేగుకి?"

"నీదానికే. నోరు మూసుకుని నములు."