పార్కు ఫోటోలో సవతి బిళ్ల

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు నవ్వొచ్చేది. మాది నిడమనూరు. చిన్నప్పుడు గొర్లు తోలుకెళ్లి సమాధులున్న బొందలగడ్డ మీదే కూర్చుని సద్ది తిన్నదాన్ని. ఏ దయ్యమూ నన్ను పలకరించలేదు. ఇది మాత్రం నా కళ్లతో చూశాను.

మా ఆయనకు సూర్యాపేటలో ఫోటో స్టూడియో ఉండేది. మొదటి భార్య సుగుణ జ్వరంతో పోయాక నన్ను చేసుకున్నాడు. పోయిన సవతి పేరున ఆడమనిషి బొమ్మ చెక్కిన వెండి బిళ్లను రెండో భార్య మెడలో వేసుకోవడం మాలో ఆచారం. నాకూ పెళ్లినాడు వేశారు. నెల తిరగకముందే తీసి, గుడ్డలో ముడేసి, ఇనప్పెట్టె అడుగున పడేశాను. ఆమెను మెడలో మోయడం నా వల్ల కాలేదు.

మొన్న ఎండాకాలం పార్కులో పాత ఫోటోల ప్రదర్శన పెడతామని ఎవరో వచ్చి అడిగితే అట్టపెట్టెలు దించాం. ఫౌంటెన్ కట్టిన కొత్తలోది, మొక్కలు మోకాలెత్తు ఉన్నప్పటిది, జారుడుబల్ల పెట్టిన రోజుది. అన్నిట్లో సుగుణే! వెలుతురు చూసుకోవడానికి ముందు ఆమెను నిలబెట్టి ఒకటి తీసి, ఆ తర్వాతే ఖాళీ పార్కును తీసేవాడట. నాకు ఒళ్లు మండిపోయింది. నాది మొత్తానికి ఒక్కటే ఉంది, సిమెంటు బెంచీ మీద.

ఆయన అన్నానికి లేవగానే ఆమె ఉన్నవన్నీ తీసి దాచేశాను. నా ఫోటోను కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూసుకున్నాను. మెడలో పుస్తెలతాడు తప్ప ఏమీ లేదు. ఖాళీ పార్కు ఫోటోలతో కలిపి నేనే ఇచ్చి వచ్చాను.

ప్రదర్శనలో నా ఫోటోను తలుపంత చేసి పెట్టారు. మా ఆయన దాని ముందే ఆగిపోయాడు.

"ఆ రోజు బిళ్ల ఏసుకున్నవా? నాకు యాదికే లేదు," అన్నాడు.

చూశాను. పుస్తెల పక్కన గుండ్రంగా ఉంది.

"అది ప్రింటుల మచ్చ," అన్నాను.

"మచ్చకు ముక్కూ బొట్టూ ఉంటయా?" అంటూ కళ్లు తుడుచుకున్నాడు. "మంచిదానివే నువ్వు."

ఇన్నేళ్ల కాపురంలో ఆ మాట వినడం అదే మొదలు.

ఇంటికొచ్చి పెట్టె తెరిచాను. గుడ్డ ముడి నేను వేసినట్టే ఉంది. బిళ్ల అందులోనే ఉంది. ప్రదర్శన అయ్యాక నేనిచ్చిన అసలు చిన్న ఫోటో తిరిగి ఇచ్చారు. దాంట్లోనూ బిళ్ల ఉంది.

అదెలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఫోటో ఇప్పుడు మా హాల్లో ఉంది. ఆయన రోజూ చాయ్ తాగుతూ దాన్నే చూస్తాడు. నా ముఖం చూస్తున్నాడో, మెడలో బిళ్లను చూస్తున్నాడో అడగాలని ఉంటుంది. అడగలేకపోతున్నాను.