బుడగల బావ

మా బావ మనుషుల్ని నమ్మడు, సబ్బు నురగని నమ్ముతాడు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట ఓ చిన్న బ్రష్షు, ప్యాంటు జేబులో సబ్బునీళ్ళ సీసా. రెండు గొట్టాలు కలిసిన చోటు ఎక్కడ కనబడినా సరే, మోకాళ్ళ మీద కూలబడి దానికి నురగ పూసి, బుడగ లేస్తుందేమోనని కొంగలా కాచుకుని చూస్తాడు. బుడగ లేస్తే గ్యాసు కారుతున్నట్టు. లేవకపోతే ఇంకోసారి పూసి చూడాలన్నట్టు.

ఆయన ఉద్యోగం గ్యాసు పైపులైన్ల భద్రత తనిఖీ. ఉద్యోగమే అది కదా, పోనీలే అని మీరనచ్చు. మీకేం, మీ అక్కని ఆయనకివ్వలేదు.

సంబంధం మాట్లాడుకోవడానికి మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు ఆయన కూర్చోకుండానే వంటిల్లెక్కడ అని అడిగాడు. భోజనప్రియుడు కాబోలనుకుని మా అమ్మ మురిసిపోయింది. ఆయన నేరుగా వెళ్ళి పొయ్యి కింద దూరాడు. కాసేపటికి మోచేతుల దాకా నురగతో బయటికొచ్చి, "సంబంధం నాకు నచ్చిందండీ, మీ జాయింటే నచ్చలేదు" అన్నాడు మా నాన్నతో. లోపల మా అక్క పొట్ట పట్టుకుని నవ్విందట. ఆ నవ్వుకి ఆవిడ ఇప్పటికీ మూల్యం చెల్లిస్తోంది.

పెళ్ళయ్యాక వాళ్ళింట్లో కుక్కరు మూతకి నురగ, సైకిలు ట్యూబుకి నురగ, నీళ్ళ పంపుకి నురగ. మేనకోడలి పుట్టినరోజుకి కట్టిన బెలూన్లన్నిటికీ ముడి దగ్గర నురగ పూసి, రెండింటిని పనికిరావని పక్కన పడేశాడు. పిల్ల ఏడుపు లంకించుకుంది. "అన్నీ నేనే గట్టిగా ముడేశానండీ, నా మాట నమ్మండి" అని అక్క మొత్తుకుంటే, ఆయన ఎప్పుడూ చెప్పే మాటే చెప్పాడు.

"నోరు అబద్ధమాడుతుంది. నురగ ఆడదు."

ఈ మాట నేను ఇంట్లో వినాలి, ఆఫీసులోనూ వినాలి. ఎందుకంటే నా ఖర్మ కొద్దీ నేను గ్యాసు కంపెనీలో పైపులైన్ల మరమ్మతు సూపర్‌వైజర్ని. నేను చూసుకునే వీధుల్ని తనిఖీ చేసేది ఈయన. చుట్టరికం ఉంది కాబట్టి నన్ను తప్పించండి అని ఆయనే పైవాళ్ళకి రాసుకున్నాడు. మీరు మీ బావమరిదికి మొహమాటపడతారని ఇక్కడెవరికీ అనుమానం లేదు, కానివ్వండి అని జవాబొచ్చింది. వాళ్ళ నమ్మకాన్ని ఆయన ఏనాడూ వమ్ము చెయ్యలేదు.

ఇక ఆ మధ్య జరిగిన సంగతి. నా కిందున్న వీధుల్లో పాత మార్కెట్ వీధి ఒకటి. నెలాఖరులోగా దానికి భద్రత సర్టిఫికెట్ రాకపోతే వీధి మొత్తానికి గ్యాసు ఆపేస్తారు. నన్ను తీసుకెళ్ళి స్టోరు గదిలో బోల్టులు లెక్కపెట్టే పనిలో వేస్తారు. మా మేనేజరు ఈ విషయం రోజుకోసారి నవ్వుతూ గుర్తు చేసేవాడు.

బావ తనిఖీకి వస్తున్నాడనగానే మా ఫిట్టర్లు తలో చెయ్యీ వేశారు. వాళ్ళ పెద్దని మేం రంగుల మేస్త్రి అంటాం. ఆయన దృష్టిలో లోకంలో రంగు వేస్తే బాగుపడనిది లేదు. రెండు రోజులు నేను వేరే వీధిలో ఉన్నాను. తిరిగొచ్చేసరికి వీధిలో ఉన్న ప్రతి వాల్వూ పెళ్ళికొడుకులా నిగనిగలాడుతోంది. పసుపు రంగు, అదీ రెండు పూతలు. చూసి నేనూ పొంగిపోయాను.

బావ వచ్చాడు, ఎప్పట్లాగే ఆలస్యంగా. రోజూ పొద్దున్నే ఎక్కడికి పోతాడో అక్కక్కూడా తెలీదు. వీధి మొదట్లో ఉన్న వాల్వు చుట్టూ ప్రదక్షిణం చేశాడు. పిడి పట్టుకుని తిప్పాడు. కదల్లేదు. రెండు చేతులా పట్టుకుని, కాలు గోడకి తన్నిపెట్టి మరీ తిప్పాడు. ఊహూ. రంగు సందుల్లోకి కారి, గట్టిపడి, పిడినీ ఒంటినీ ఒకటి చేసేసింది. ఆ వాల్వు సామర్థ్యం ఎంతో చెప్పే రేకు మీద కూడా రెండు పూతలు పడ్డాయి, ఒక్క అక్షరం కనబడదు.

"ముఖానికి పౌడరు బాగా రాశారు" అన్నాడు బావ. "రేపు నిప్పంటుకుంటే ఈ వాల్వు కట్టెయ్యాలి కదా. ఎవరు కడతారు, నీ మేస్త్రి వచ్చి దీనికి మూడో పూత వేస్తాడా?"

"బావా, నెలాఖరు దగ్గరికొచ్చేసింది. సాయంత్రానికల్లా గీకించేస్తాను, నా మాట నమ్మండి."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన నోరు తెరవబోతుంటే మా ఫిట్టర్లందరూ కలిసి ఆయన కంటే ముందే గొణిగారు, నోరు అబద్ధమాడుతుందని. ఆయన నవ్వలేదు. వాల్వుకి పనికిరాదన్న ఎర్ర చీటీ కట్టి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి అన్నం ఎందుకు తినలేదని అక్క ఫోను చేసి అడిగింది. నీ మొగుణ్ణి అడుగు అన్నాను.

తర్వాత వారం నానా తంటాలు పడి వాల్వులన్నీ గీకించాం. వీధి చివరిదొక్కటి మాత్రం మొరాయించింది. తిరుగుతుంది గానీ పూర్తిగా మూసుకోదు. కొత్తది తెప్పించాలంటే రోజులు పడుతుంది. ఏం చెయ్యాలిరా భగవంతుడా అనుకుంటుండగా, భగవంతుడు మా బావని స్టూలు మీంచి కింద పడేశాడు.

ఎవరో చుట్టాల కొత్త ఫ్లాటుకి వెళ్ళి, పైకప్పు దగ్గర గొట్టానికి నురగ పూద్దామని ఎక్కాడట. తీరా అది నీళ్ళ గొట్టం. కాలికి కట్టు కట్టి, మూడు వారాలు మంచం దిగద్దన్నారు. అయ్యో పాపం అని అక్కతో అన్నాను. ఫోను పెట్టేశాక మాత్రం ఈల వేశాను, దాచడమెందుకు.

ఆయన బదులు వచ్చే అధికారిని ఊరంతా కుర్చీ ఇన్‌స్పెక్టరంటారు. తనిఖీ అంటే ఆయనకి కుర్చీ వెయ్యాలి, నీడలో వెయ్యాలి. అందులో కూర్చుని, అంతా బాగుందా అని అడిగి, బాగుందంటే సంతకం పెడతాడు. నోటినే నమ్మే మహానుభావుడు. బావ పడ్డ మర్నాడే పది గంటలకి వస్తానన్నాడు. నేను మంచి కుర్చీ కూడా చూసి పెట్టాను.

ఆ రోజు పొద్దున్నే బావ ఫోను చేశాడు.

"ఒరేయ్, ఆ పాత మార్కెట్ వీధి చివర పాటల టీచరుగారి ఇల్లుంది. ఆవిడ పొయ్యి జాయింటుకి రోజూ నురగ పూసి చూడాలి. రూలు. నేను పడుకునున్నాను కాబట్టి నువ్వెళ్ళు. నా సీసా అక్క చేత పంపుతున్నాను."

"ఇళ్ళల్లో తనిఖీ ఏడాదికోసారి కదా బావా. రోజూ చూడాలని ఏ రూల్లో ఉంది?"

"చెప్పింది చెయ్యి" అని ఫోను పెట్టేశాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన ధర్మమా అని ఆ రూళ్ళ పుస్తకం నాకు కంఠతా వచ్చు. అలాంటి రూలు అందులో లేదు. మంచంలో పడున్నా నన్ను పీడించడానికి కొత్తవి కనిపెడుతున్నాడు, అనుకున్నాను. కానీ వెళ్ళకపోతే అక్క ఊరుకోదు. సీసా, బ్రష్షు పట్టుకుని, తిట్టుకుంటూ బయల్దేరాను.

టీచరుగారిల్లు మేడ మీద రెండు గదుల అద్దె వాటా. తలుపు తెరిచే ఉంది. మెట్లు సగం ఎక్కానో లేదో గుప్పున కొట్టింది, కుళ్ళిన కోడిగుడ్ల కంపు. గ్యాసుకి సొంత వాసన ఉండదు, కారితే జనానికి తెలియాలని మేమే కలుపుతాం ఆ కంపుని. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఒక్క గెంతులో లోపలికి పడ్డాను.

వంటింట్లో పొట్టిగా, తెల్లటి జుట్టుతో ఒక పెద్దావిడ కూనిరాగం తీస్తూ నిలబడి ఉంది. చేతిలో లైటరు.

"వెలిగించకండి" అని అరిచాను.

ఆవిడ ఉలిక్కిపడి లైటరు కింద పెట్టింది. "వెలిగించనులే బాబూ. అంత పై స్థాయిలో అరవకు, గొంతు పోతుంది."

గ్యాసు కట్టేసి, కిటికీలన్నీ బార్లా తెరిచి, స్విచ్చులు ముట్టుకోవద్దని చెప్పి ఆవిడని మెట్ల మీదికి తీసుకొచ్చాను. గాలి మారాక మళ్ళీ లోపలికెళ్ళి పొయ్యి కింద దూరి, వాల్వు ఇంత తెరిచి గొట్టానికి నురగ పూశాను. క్లిప్పు దగ్గర ఉసిరికాయంత బుడగ లేచింది, పగిలింది, ఇంకోటి లేచింది. క్లిప్పు వదులైపోయింది. నిన్న పొయ్యి కింద తుడుస్తూ గొట్టం లాగానని, ఇవాళ తనిఖీకి ఇంకా ఎవరూ రాలేదని తనే వెలిగించబోయానని ఆవిడే ఒప్పుకుంది. కొత్త క్లిప్పు బిగించి, బుడగ లేవట్లేదని రూఢి చేసుకున్నాకే ఊపిరి పీల్చుకున్నాను.

"అంత కంపు కొడుతుంటే మీకెలా తెలియలేదండీ?"

ఆవిడ మెల్లగా చెప్పింది. పోయినేడు పెద్ద జ్వరం వచ్చి తగ్గింది, దాంతో పాటు వాసన కూడా పోయింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంటి ఓనరు భయపడి పొయ్యి పీకించేస్తాడు, ఇక ఎవరో తెచ్చిన డబ్బా తిని బతకాలి. పాట, వంట, ఈ రెండూ తన చేతిలో ఉన్నంతకాలం తనకెవరి దయా అక్కర్లేదంది.

"మరి తనిఖీకి వచ్చే మా బావకి తెలుసా?"

"ఏడాది తనిఖీకి వచ్చాడు. ఆయనతో నవ్వుతూ మాట్లాడుతున్నాను, ఇవతల పొయ్యి మీద పాలు మాడిపోతున్నాయి. నాకేం తెలుసు? ఆయనే మాట్లాడుతూ మాట్లాడుతూ వెళ్ళి పొయ్యి కట్టేశాడు. ఏమీ అడగలేదు. మీ జాయింటు ప్రత్యేక పరిశీలన కింద ఉందండీ, రూలు ప్రకారం రోజూ పొద్దున్నే వచ్చి చూడాలి, నేను చూసేదాకా వెలిగించకండి అన్నాడు. ఆయన వెళ్ళాక గిన్నె చూసుకున్నాను, బొగ్గులా ఉంది."

ఇన్నాళ్ళూ ఆయన పొద్దున్నే ఎక్కడికి పోతాడో, అన్నిటికీ ఆలస్యంగా ఎందుకొస్తాడో అప్పటికి నాకు అర్థమైంది. నోరు అబద్ధమాడుతుందని ఊరంతా చాటే పెద్దమనిషి రోజూ పొద్దున్నే ఆ నోటితోనే శుభ్రంగా అబద్ధమాడుతున్నాడు.

ఊరుకోలేక అనేశాను. "అమ్మా, అలాంటి రూలేం లేదు."

"నాకు తెలీదూ?" అంది ఆవిడ. "ఆ మాట చెప్పినప్పుడు ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తప్పు స్వరం పాడిన పిల్లలందరికీ అంతే. నాకు తెలుసని మాత్రం ఆయనకి చెప్పకు బాబూ. సిగ్గుపడి మానేస్తాడు."

గోడ మీద ఖాళీ మేకు కనబడింది. గ్యాసు పసిగట్టి మోగే పెట్టెని బావ అక్కడ తగిలించాడట. బ్యాటరీ అయిపోయి కీచుకీచుమంటుంటే పిల్లల శ్రుతి పాడవుతోందని నిన్ననే ఆవిడ తీసి బీరువాలో పెట్టేసింది. కొత్త బ్యాటరీ వేసి, మళ్ళీ తీస్తే నేనే వచ్చి పాడతానని బెదిరించి తగిలించాను. ఆవిడ నిజంగానే భయపడింది.

కిందికి వచ్చేసరికి కుర్చీ ఇన్‌స్పెక్టరు నీడలో కూర్చుని పెన్ను మూత తీసేశాడు. అంతా బాగుందా అని అడిగాడు. మా ఫిట్టర్లందరూ నా వైపు చూశారు. బాగుందండీ అంటే చాలు, సర్టిఫికెట్ చేతికొస్తుంది. వీధి చివరి వాల్వు టీచరుగారింటి కిందే ఉంది.

"బాగాలేదండీ. ఆ వాల్వు మూసుకోదు. మీరు లేచొచ్చి ఒకసారి తిప్పి చూడండి."

ఆయన్ని కుర్చీలోంచి లేపిన మొదటి మనిషిని నేనేనని తర్వాత చెప్పుకున్నారు. సర్టిఫికెట్ రాలేదు. కొత్త వాల్వు వచ్చేదాకా వీధికి గ్యాసు ఆగింది, వీధి వీధంతా నన్ను తిట్టింది, మా మేనేజరు స్టోరు గది తాళంచెవి చూపించాడు. చివరికి వాల్వు వచ్చి, సర్టిఫికెటూ వచ్చి, తాళంచెవి ఆయన జేబులోకే వెళ్ళింది. నాకేదో పూనిందని రంగుల మేస్త్రి ఇంకా నమ్ముతున్నాడు.

ఆ బుడగ లేచిన రోజు సాయంత్రమే బావ దగ్గరికెళ్ళి సంగతి చెప్పాను. పాలిపోయిన ముఖంతో మంచం మీద లేచి కూర్చున్నాడు. క్లిప్పు మార్చానని చెప్పాక వెనక్కి వాలాడు.

"బావా, రోజూ చూడాలన్న రూలు పుస్తకంలో ఎక్కడుందో కొంచెం చూపిస్తారా?"

"కొత్త పుస్తకంలో వస్తుంది" అన్నాడు గోడ వైపు తిరిగి. చెవులు ఎర్రగా ఉన్నాయి.

పక్కనుంచి అక్క, మీ చెవులకేమైందండీ, జ్వరమా అని చెయ్యి పెట్టి చూసింది.

ఇప్పుడు ఆయన కాలు నయమైంది. టీచరుగారింటికి రోజు మార్చి రోజు వెళదామని మేం ఒప్పందం చేసుకున్నాం. కానీ నా వంతు రోజున నేను నురగ పూసి, బుడగ లేదని చూసి మెట్లు దిగుతుంటే, ఆయన సీసా పట్టుకుని ఎదురొస్తూ ఉంటాడు. నేను చూశాను బావా, బాగుంది అంటాను. తల కూడా ఊపకుండా నన్ను దాటుకుని పైకెళ్ళిపోతాడు. అది తెలిసి ఆవిడ టీకి నీళ్ళు రెండో కప్పుకి కూడా పోసే ఉంచుతుంది.