దడి వారగా ఉన్న మల్లెపొద

నా చిన్నప్పుడు, రాజోలు దగ్గర మా ఊళ్ళో, పక్కింటి టీచరుగారికి నాలుగు మల్లెపొదలుండేవి. మూడు నూతి గట్టు వెంబడి వరసగా ఉండేవి. ఒకటి మాత్రం విడిగా, మా రెండిళ్ళకీ మధ్యనున్న కొబ్బరాకుల దడి వారగా ఉండేది. ఆవిడ మా బళ్ళోనే చిన్న తరగతులకి చెప్పేవారు. పెళ్ళి చేసుకోలేదు, తల్లిగారితో ఉండేవారు. వారమంతా బడి, ఆదివారం చర్చి, ఏ కాస్త తీరికున్నా పెరడు. నాకు తెలిసినంతవరకు ఆవిడ కాలమంతా ఆ మూడు చోట్లే గడిచేది.

ఆ ఏడు నాకు ఎనిమిదేళ్ళు. చలి బాగా ముదిరిన రోజుల్లో మా అమ్మ ఇంటిపనికని కువైట్ వెళ్ళింది. మా వీధిలో అప్పటికే ముగ్గురు నలుగురు ఆడవాళ్ళు వెళ్ళి ఉన్నారు కాబట్టి అదేమీ వింత కాదు. నాన్న కొబ్బరికాయలు దింపే పనికి పొద్దున్నే వెళ్ళిపోయేవాడు. నన్ను చూసుకోవడానికి అమ్మమ్మ వచ్చి మా ఇంట్లో ఉంది. అమ్మ బస్సెక్కిన రోజు నేను ఏడవలేదని అందరూ మెచ్చుకున్నారు. నిజానికి అందులో ధైర్యమేమీ లేదు. అమ్మ వెళ్ళిపోయిందన్న సంగతి నాకింకా ఎక్కలేదు, అంతే.

పుష్యం వెళ్ళి మాఘం వచ్చేసరికి టీచరుగారి పెరడు రోజుకో తీరుగా ఉండేది. పూసి పూసి ఎండిన చామంతుల్ని ఆవిడ మొదలుకంటా కోసేసి, పిలకలు విడదీసి చిల్లుపడిన బకెట్లలో నాటేవారు. మునగచెట్టు కింద పొద్దున్నే తెల్లగా పూత రాలి ఉండేది. మామిడిపూత వాసన మా వంటింట్లోకి కూడా వచ్చేది. ఆకుల మీద మంచు ఇంకా ఆరకముందే వీపు చుర్రుమనేది. ఆ పది పదిహేను రోజులూ ఆవిడ ముఖంలో ఒక తొందర కనిపించేది. బడినుంచి వచ్చి, చేతిసంచీ అరుగు మీద పెట్టి, కాఫీ కూడా తాగకుండా మొక్కల మధ్యకి వెళ్ళిపోయేవారు.

ఒక ఆదివారం చర్చినుంచి రాగానే కొంగు దోపుకుని నాలుగు మల్లెపొదల ఆకూ దూసేశారు. కొమ్మల చివళ్ళు కత్తిరించారు. మొదళ్ళ చుట్టూ మట్టి గుల్లచేసి వదిలేశారు. నేను పక్కనే నిలబడి ఆకు గంపకెత్తుతున్నాను. పచ్చగా ఉన్న పొదలు కాసేపట్లో పుల్లలైపోయాయి.

“ఇంక మూడు వారాలు చుక్క నీరు పొయ్యకూడదు,” అన్నారావిడ.

“దాహం వెయ్యదాండీ?” అని అడిగాను.

“వేస్తుందమ్మా. ఇప్పుడు తడి తగిలితే ఆకే వేస్తుంది గానీ మొగ్గ తొడగదు.”

తరవాత దడి మీదుగా మా అమ్మమ్మతో చెప్పారు. “ఈసారి మొదటి కోత మీ మనవరాలికేనండీ. అప్పటికి మాకు శ్రమల దినాలు, ఉపవాసాలూ కదా, ఈస్టరు దాకా నేనెలాగూ పూలు పెట్టుకోను. పిల్లకి పూలజడ కుడతాను. ఫోటో తీయించి వాళ్ళమ్మకి పంపుదాం.”

“ఆయ్, అంతకన్నానాండీ,” అంది అమ్మమ్మ.

పూలజడ అన్నమాట నాకు సంతోషంగానే ఉంది. కానీ ఆ మర్నాడు పొద్దున ముఖం కడుక్కుంటుంటే దడి కంతలోంచి ఆ పొద కనిపించింది. చుట్టూ అన్నీ పచ్చగా ఉంటే అదొక్కటే బోసిగా, మొదట్లో మట్టి తెల్లగా ఎండిపోయి ఉంది. చేతిలో ఉన్న చెంబు కంతలోంచి దూర్చి నీళ్ళు పోసేశాను. మట్టి గబగబా తాగేసింది. ఇంకో చెంబు పోశాను. మిగిలిన మూడూ దూరం, నా చెయ్యి అందదు. ఈ ఒక్కదాన్నయినా చూసుకోవాలనుకున్నాను.

రోజూ పోసేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. వారం తిరిగేసరికి కణుపుల దగ్గర లేతగా చిగురు కనబడింది. పొద్దున్నే నిద్ర లేవగానే దాని దగ్గరికే పరిగెత్తేదాన్ని. ఎవరైనా “అమ్మ ఉత్తరం రాసిందా?” అని అడిగితే, “రాసిందండీ, బానే ఉందంట,” అని చెప్పి తప్పించుకుని వెళ్ళి, నిన్నటికీ ఇవాళ్టికీ చిగురు ఎంత పెరిగిందో చూసుకునేదాన్ని. దాన్ని నేనే బతికిస్తున్నానని నా నమ్మకం.

మూడు వారాలయ్యాక టీచరుగారు అన్నింటికీ పెంట వేసి నీళ్ళు పెట్టారు. ఫాల్గుణంలో నూతి గట్టు దగ్గర మూడు పొదలూ బియ్యపు గింజల్లా మొగ్గ వేశాయి. దడి వారది మాత్రం గుబురుగా, నిగనిగలాడుతూ ఆకు వేసింది. కొమ్మలు పక్కకి తీసి తీసి వెతికితే నాలుగైదు మొగ్గలున్నాయి. నేను చేసిన పనేమిటో అప్పుడు తెలిసింది. ఆ తరవాత పూలజడ మాటెత్తితే నాకు అన్నం సయించేది కాదు.

అనుకున్న రోజు పొద్దున్నే టీచరుగారు మొగ్గలు కోసి, అరటిదొప్ప చీల్చి, అరుగు మీద కూర్చుని జడ కుట్టడం మొదలుపెట్టారు. అమ్మమ్మ మొగ్గలందిస్తోంది. నేను దారపుండ పట్టుకున్నాను. జడ సగం దాటిందో లేదో పళ్ళెం ఖాళీ అయిపోయింది.

“ఆ దడికాడ పొద పూసుంటే సరిపోయేదండీ,” అంది అమ్మమ్మ. “దానికేం చీడ పట్టిందో ఏటో.”

ఇంక నావల్ల కాలేదు. “చీడ కాదండీ, నేనే రోజూ నీళ్ళు పోసేను,” అన్నాను.

అమ్మమ్మ చెయ్యెత్తింది. టీచరుగారు సూది ఆపకుండానే, “కొట్టకండి. నాకు తెలుసు,” అన్నారు. “మూడోనాడే చూసేను. మట్టి తడిగా ఉంది, కంతలోంచి చెంబు వస్తోంది.”

“మరి చెప్పలేదేటండీ?” అంది అమ్మమ్మ.

ఆవిడ దారం పంటితో తెంపి, అప్పుడన్నారు. “వాళ్ళమ్మ వెళ్ళిన నెలండీ అది. పొద్దున్నే లేచి చూసుకోడానికి పిల్లకి ఏదో ఒకటి ఉండాలి కదా. ఒక పొద పూత పోతే పోయిందనుకున్నాను.”

అమ్మమ్మ చెయ్యి దించేసి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నేను ఏడ్చేశాను. అమ్మ వెళ్ళాక నేను ఏడవడం అదే మొదలు. చాలాసేపు ఏడ్చాను. టీచరుగారు ఊరుకోమని అనలేదు. లేచి వెళ్ళి పెరట్లోంచి ఇంత మరువం, గుప్పెడు కనకాంబరాలు తెచ్చి, మిగిలిన జడంతా వాటితో కుట్టారు. నా ఏడుపు ఆగాక తల దువ్వుతూ, “జాలిపడ్డం తప్పు కాదమ్మా. దానికేం కావాలో కూడా ఒకసారి అడిగి తెలుసుకోవాలి,” అన్నారు. ఆ విషయం మీద ఆవిడ నాతో మాట్లాడిన మాట అదొక్కటే.

రాజోల్లో స్టూడియోవాడు జడ కనబడేలా నన్ను అద్దం పక్కన నిలబెట్టి ఫోటో తీశాడు. నా కళ్ళు ఉబ్బే ఉన్నాయి. నెలన్నరకి అమ్మ ఉత్తరం వచ్చింది. జడ కిందంతా పచ్చగా ఉందేమిటని అడిగింది. నేను జరిగింది జరిగినట్టు రాశాను. చివర ఇంకాస్త చోటు మిగిలితే, ‘నువ్వు ఎప్పుడొస్తావమ్మా’ అని రాశాను. అంతకు ముందు ఏ ఉత్తరంలోనూ నేను ఆ మాట అడగలేదు. అమ్మ మూడేళ్ళకి వచ్చింది. నేను రాసిన ఆ ఉత్తరం మడతలు చిరిగిపోయి ఆమె పెట్టెలో ఉంది. టీచరుగారు అప్పటికి వేరే ఊరు బదిలీ అయి వెళ్ళిపోయారు.

ఇప్పుడు నేనూ కొత్తపేటలో నా పెరట్లో మాఘమాసం రాగానే మల్లెకి ఆకు దూస్తున్నాను. నీళ్ళు ఆపడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను, అది పెద్ద కష్టమైన విద్య కాదు. కష్టమైనది రెండోది, నోరు ఆపుకోవడం. నేను కూడా పాతికేళ్ళు బళ్ళో చెప్పాను, ఇద్దరు పిల్లల్ని పెంచాను. ఎదుటివాళ్ళు తెలియక ఏదో పాడుచేస్తున్నారని కళ్ళెదుట కనిపించినప్పుడు నోరు ముందుకొస్తుంది. అలాంటప్పుడు ఒక్క క్షణం ఆగి, ఈ మనిషికి ఈ నెలలో ఏం జరిగిందో అని ఆలోచిస్తాను. అన్నిసార్లూ ఆగగలిగానని చెప్పను. ఆగినప్పుడు మాత్రం ఎన్నడూ పశ్చాత్తాపపడలేదు.