అక్క కనబడని సినిమా

నాకు అవార్డు తెచ్చిన సినిమాలో మా అక్క కూడా ఉంది. ఆత్మకూరులో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. జాకెట్ కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతి మనిషికీ కొలతలు తీసుకుంటూ అక్కే చెప్పేది.

నేను మొదట కెమెరా పట్టింది గద్వాలలో, పెళ్ళి వీడియోలకు. అక్కడ పెళ్ళికూతురి మేనత్త ముఖం కనబడకపోతే కొట్టినంత పని చేస్తారు. సినిమాల్లోకి వచ్చాక వెలుగు తగ్గించడం నేర్చుకున్నాను. వీపనగండ్ల దగ్గర ఒక ఇంట్లో షూటింగప్పుడు, పొయ్యి ముందు కూర్చోవడానికి ఆడమనిషి కావలసి వచ్చి అక్కను పిలిచాను. గద్వాల చీర కట్టి, పౌడరు దట్టించుకుని బస్సు దిగింది. చీర మార్పించి, కిటికీ మూయించి, లైట్లన్నీ ఆపించాను. మంట వెలుగు ఆమె చేతి మీద మాత్రం పడింది. అవార్డు ఆ చీకటికే ఇచ్చారు.

సినిమా టీవీలో వచ్చిన రోజు అక్క ఇంటినిండా వాడకట్టు ఆడవాళ్ళే.

"యాడున్న తమ్మీ నేను?"

"అగో, పొయ్యి ముంగట."

అక్క టీవీ దగ్గరికి జరిగింది. "నాకేం కానొస్తలేదు."

"మస్తు కనబడ్తున్నవ్ గదక్కా!" అంది పక్కింటామె. మర్యాదస్తురాలు. మిగతావాళ్ళూ మర్యాదస్తులే, ముఖం ఎంత కళగా ఉందో తలా ఒక మాట చెప్పారు.

అక్క కంట్లో శుక్లం ఉన్నమాట నిజమే. ఇంకా ఆలస్యం చేస్తే చూపు పోతుందని డాక్టర్ చెప్పినా, ఆపరేషన్ అంటే హడలిపోయి కదల్లేదు. సూదిలో దారం ఎక్కించడానికి పక్కింటామెను పిలిచేది. కుట్టు వంకరపోతే మిషన్‌ను తిట్టేది. అలాంటి మనిషి మర్నాడు తనే అంది.

"అందరికి కనబడ్తున్న, నాకే కానొస్తలేను. నన్ను వనపర్తి దవాఖానకు తోల్కపో."

నిజం చెబితే మళ్ళీ మొండికేస్తుంది. నోరు మూసుకుని తోలుకపోయాను.

కన్ను బాగైంది. ఇంటికొచ్చి సినిమా మళ్ళీ పెట్టమంది. వాడకట్టు మళ్ళీ వచ్చింది.

"గీ చెయ్యి నాదేనా?"

"నీదే."

"మొఖమేది?"

"చీకట్ల ఉన్నది."

"ఎవడు చేసిండు చీకటి?"

"నేనే."

"గందుకేనా అవార్డిచ్చిండ్రు?"

"గందుకే."

అక్క పక్కింటామె వైపు తిరిగింది. "ఓ పిల్లా, డాక్టర్ నంబరిస్త. నువ్వు గూడ చూపిచ్చుకో."

తర్వాత గద్వాల చీర కట్టుకొచ్చి, మిట్టమధ్యాహ్నం వీధిలో నిలబడింది. "తియ్యి" అంది. ఆ ఎండలో నేను కెమెరా బయటికే తీయను. కళ్ళ కింద గుంటలు పడతాయి, ముక్కు నీడ మూతి మీదికి దిగుతుంది. పొద్దు వాలనిద్దామన్నాను.

"వాలుడు లేదు, గీలుడు లేదు." ఆపరేషన్ అయ్యాక దవాఖానలో ఇచ్చిన నల్లద్దాలు తీసేసింది.

తీశాను. వృత్తిపరంగా అది చెత్త ఫోటో. ప్రింటు వేయించి తెస్తే, అక్క దాన్ని చేతి దూరంలో పెట్టుకుని చూసింది. గడ్డం మీది పుట్టుమచ్చను వేలితో ముట్టింది. చీరంచును ముట్టింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"గీ దానికియ్యమను అవార్డు" అంది అక్క.