ఏకగ్రీవం మాస్టారికి పడిన ఓట్లు

ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. కుట్టు సంఘం షెడ్డులో అందరికీ ఆయన ఏకగ్రీవం మాస్టారు. సుద్దముక్కతో నాలుగు గీతలు గీసి కత్తెర ఆడించాడంటే, అరచెయ్యంత పీలిక కూడా వృథా పోనివ్వని కటింగ్ మాస్టరు. సంఘానికి అధ్యక్షుడూ ఆయనే. ఎప్పట్నుంచీ అంటే, ఆ షెడ్డుకి రేకులు వేసిన దగ్గర్నుంచీ. ఏటా సమావేశం పెడతారు. "అభ్యంతరం ఉన్నవాళ్ళు చేతులెత్తండి!" అని మాస్టారి బావమరిది కేకేస్తాడు. ఒక్క చెయ్యీ లేవదు. చప్పట్లు కొట్టి, టీలు తాగి, ఎవరి మిషను దగ్గరికి వాళ్ళు పోతారు. ఇంత సుఖమైన ఎన్నిక ఎక్కడైనా చూశారా?

చూసే ఉంటారు లెండి. ఆ దేశంలో అప్పుడు అన్నీ అలాగే ఉన్నాయి. పైనున్న పెద్దాయన కిందటిసారి ఓడిపోయి, లెక్కింపే తప్పని చెప్పి కుర్చీలో అలాగే ఉండిపోయాడు. మళ్ళీ పెడతామన్న ఎన్నికలు వాయిదా మీద వాయిదా పడుతున్నాయి. ఎందుకు వాయిదా వేయాల్సి వచ్చిందో రేడియోవాడు రోజూ తియ్యతియ్యగా చెబుతుంటే మాస్టారు పళ్ళు పటపట కొరికేవాడు. "సిగ్గూ శరం ఉండక్కర్లా మనిషన్నాక?" అనేవాడు. అదే మాట తనకీ తగులుతుందని ఆయనకి ఏనాడూ తోచలేదు పాపం. జనం తనని ప్రేమకొద్దీ ఎన్నుకుంటున్నారని ఆయన గట్టి నమ్మకం.

"అంత ప్రేమే ఉంటే, మీరు గుమ్మంలోకి రాగానే అందరూ మాటలెందుకు ఆపేస్తారండీ?" అని భార్య ఓసారి అననే అంది. మధ్యాహ్నం ఆయనకి క్యారేజీ పట్టుకెళ్ళేది ఆవిడే మరి, కళ్ళారా చూసింది. ఆ వారమంతా మాస్టారు ఆవిడతో ముభావంగానే ఉన్నాడు.

అసలు సంగతి ఏమిటంటే, కోసిన బట్టని పంచిపెట్టేది బావమరిది. తనకి నచ్చినవాళ్ళకి పొద్దున్నే కట్టలు కట్టలు ఇస్తాడు. నచ్చనివాళ్ళు మధ్యాహ్నం దాకా మిషను ముందు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాల్సిందే. ఇది మాస్టారికి తప్ప షెడ్డులో గోడలక్కూడా తెలుసు.

అలాంటిది ఈసారి సమావేశంలో ఒక చెయ్యి లేచింది. అదీ వెనక వరసలోంచి. చొక్కాలకి కాజాలు కుట్టే ఆడవాళ్ళందరిలోకీ పెద్దది, కాజాల అక్క.

"అధ్యక్ష పదవికి నేను నిలబడతాను," అంది.

మాస్టారికి తల కొట్టేసినంత పనైంది. "నీకేం తక్కువ చేశానమ్మాయ్?"

"వెనకాల వెలుగు లేదు, సూది కనబడక కళ్ళు పోతున్నాయి, ఒక్క కిటికీ పెట్టించండి మాస్టారూ అని ఎన్నేళ్ళుగా మొత్తుకుంటున్నాం? అడిగినప్పుడల్లా 'చూద్దాం' అంటారు. మేమడిగేదీ చూడ్డానికేగా!"

ఎవరో కిసుక్కున నవ్వి, ఆ నవ్వుని చప్పున దగ్గులోకి దించేశారు.

సరే, ఓట్లు పెట్టక తప్పలేదు. చీటీలు రాద్దామంటే, పొద్దస్తమానం కొలతలు రాసుకునే చోట ఎవరి రాత ఎవరిదో అందరికీ తెలుసు. అప్పుడు బావమరిది ముందుకొచ్చాడు. "గుండీలతో వేయిద్దాం బావా! నీకు కోటుకి కుట్టే పెద్ద ఇత్తడి గుండీ, ఆవిడకి చొక్కా గుండీ. తెర వెనక రెండు గిన్నెల్లో పెడతాం. ఏదో ఒకటి తీసి బిస్కెట్ల డబ్బాలో వేసి రావడమే." మాస్టారికి నచ్చింది. కొలతలు చూసుకునే తెర వెనక అన్నీ అమర్చారు. తెరని ఆనుకుని స్టూలు వేసుకుని, ఏమీ ఎరగనట్టు ముఖం పెట్టి బావమరిది కూర్చున్నాడు.

ముందు ఇస్త్రీ తాత వెళ్ళాడు. ఠంగుమంది డబ్బా. తాత బయటికొచ్చి మాస్టారి వంక చూసి పళ్ళికిలించాడు. తరవాత ఇద్దరు ముగ్గురికి కూడా ఠంగు, ఠంగు. మాస్టారి ఛాతీ అంగుళం పెరిగింది. చెవుల్లో తేనె పోసినట్టుంది ఆయనకి ఆ చప్పుడు.

అప్పుడు వెనక వరసలో అందరికంటే చిన్నపిల్ల లోపలికెళ్ళింది. ఎంతసేపటికో "టిక్" మని చిన్న చప్పుడు. షెడ్డంతా అటు తిరిగింది. బావమరిది గొంతు సవరించుకున్నాడు. ఆ పిల్ల పాలిపోయిన ముఖంతో వచ్చి, మిషను మీద చేతులు పెట్టుకుని తలొంచుకుంది.

ఆమె తరవాత వెళ్ళింది కాజాల అక్క సొంత చెల్లెలు. ఈవిడ ఓటెవరికో అడగక్కర్లేదు గదా? ఠంగుమంది!

చెల్లెలు తెర తీసుకుని బయటికొచ్చి, అక్క ముఖం చూడలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగిపోయింది. అక్క దగ్గరికి వెళ్ళింది. చెల్లెలి వీపు మీద చెయ్యి వేసి నిలబడింది, అంతే.

మాస్టారు డబ్బా వంక చూశాడు. ఇందాకటి నుంచీ తను మురిసిపోతూ విన్న చప్పుడంతా ఇదేనా? వీళ్ళందరికీ తనంటే ఇంత భయమా? ఊరుకుంటే చాలు, గెలుస్తాడు. ఎప్పట్లాగే చప్పట్లు, టీలు. ఎవరూ తప్పుపట్టరు కూడా. ఆ తప్పుపట్టకపోవడమే ఆయన్ని ముల్లులా గుచ్చింది.

"ఆపండి!" అని అరిచాడు.

బావమరిది అదిరిపడి లేచాడు. "అదేమిటి బావా? గెలుస్తున్నాం కదా!"

"నువ్వు ముందు ఆ స్టూలు తీసుకెళ్ళి గేటు దగ్గర వేసుకో. నీ ఓటుకి పిలుస్తాం, అప్పుడు రా. పోరా!"

డబ్బా బోర్లించి గుండీలన్నీ కింద పోశాడు. కోటు భుజాల్లో పెట్టే దూది తెచ్చి డబ్బా అడుగున మందంగా పరిచాడు. ఇత్తడి గుండీలు తీసేసి, ఒకే సైజు చొక్కా గుండీలు పెట్టించాడు. తెల్లవి తనకి, నల్లవి అక్కకి. వేలితో ఒకటి లోపలికి జారవిడిచి, చెవి పెట్టి విన్నాడు. చప్పుడు లేదు. దాన్ని తీసేసి, "మళ్ళీ మొదట్నుంచీ వెయ్యండి. తాతా, నువ్వు కూడా," అన్నాడు.

ఇంక చూడండి, ఒక్కొక్కరూ లోపలికెళ్ళి రావడానికి ఎంత తీరిక! వచ్చేటప్పుడు ఎవరూ మాస్టారి వంక చూడలేదు. కాజాల అక్క చెల్లెలైతే కళ్ళు తుడుచుకుని వరసలో అందరికంటే ముందు నిలబడింది.

లెక్క తేలింది. మనుషులెందరో గుండీలూ అన్నే. తెల్లవి పంతొమ్మిది, నల్లవి ఇరవై ఆరు.

చప్పట్లు లేవు. అందరూ బిగుసుకుపోయి మాస్టారినే చూస్తున్నారు. ఓడినవాడు లేచి వెళ్ళడం ఆ దేశంలో కుర్రవాళ్ళెవరూ చూసి ఎరగరు. గేటు దగ్గర్నుంచి బావమరిది పరిగెత్తుకొచ్చాడు. "లెక్క తప్పని అను బావా! దూది వేశాక గుండీలు చిక్కుకుపోయుంటాయి. మళ్ళీ పెడదాం, వచ్చే నెల్లో..."

"నోర్మూసుకో. నువ్వేమైనా రేడియోవాడివట్రా?"

మాస్టారు మొలతాడుకి కట్టుకున్న షెడ్డు తాళంచెవి విప్పాడు. ముడి బిగుసుకుపోయి ఓ పట్టాన రాలేదు. చివరికి వచ్చింది. తీసుకెళ్ళి కాజాల అక్క చేతిలో పెట్టాడు.

"పొద్దున్నే తియ్యాలి అమ్మాయ్. కుడి తలుపు కింద ఈడుస్తుంది, కాస్త ఎత్తి తొయ్యాలి. ఆలస్యమైతే మాత్రం నేనూరుకోను, నలుగురిలో అడిగేస్తాను."

"అడగండి మాస్టారూ, అందుకేగా ఇదంతా," అంది అక్క. అప్పుడు గుప్పున లేచాయి మాటలు. షెడ్డులో అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, మాస్టారు అక్కడే నిలబడి ఉండగానే. ఆయనకి ప్రాణం ఎంత తేలికపడిందో చెప్పలేను. ఇస్త్రీ తాత అయితే దగ్గరికొచ్చి, "మొదటిసారి నీకే వేశాను గానీ, రెండోసారి వెయ్యలేదోయ్," అని ముఖం మీదే చెప్పేశాడు. మాస్టారు పగలబడి నవ్వాడు.

సాయంత్రం ఇంటికి రాగానే ఆకలన్నాడు. భార్య కంచం పెట్టి ఎదురుగా కూర్చుంది. కబురు ఆవిడకి అప్పటికే అందింది.

"మీకెన్ని పడ్డాయి?"

"పంతొమ్మిది."

"మీది మీరే వేసుకున్నారా?"

"వేసుకోనా మరి?"

"అయితే పద్దెనిమిది. మా తమ్ముడిది కూడా తీసెయ్యండి, పదిహేడు. అంత బాగా ఓడిపోయి, ఇంత అన్నం ఎలా సహిస్తోందండీ మీకు?"

"పిచ్చిదానా," అన్నాడు మాస్టారు నోటినిండా ముద్ద పెట్టుకుని, "ఇన్నేళ్ళలో నాకు ఒక్కడు ఓటేసిన పాపాన పోయాడటే? ఇవాళ పదిహేడు మంది వేశారు. ఇంకాస్త వడ్డించు."