వంతెన దగ్గర లాఠీలు, మా ఇంట్లో వాదన

ఆ శీతాకాలం నాకు సగం నిద్రలోనే గడిచింది. అప్పుడు నాకు ఎనిమిదో నెల. కూచుంటే కళ్ళు మూతలు పడేవి, పడుకుంటే లోపల బిడ్డ కదిలి లేపేది. పొద్దెక్కినా కాలవ మీద మంచు విడిచేది కాదు. అవతలి గట్టు మీద నడిచే మనుషులు నడుం దాకానే కనిపించి, కాళ్ళు లేకుండా తేలిపోతున్నట్టుండేవారు. ఆ రోజులు తలుచుకుంటే ఏది చూసేనో, ఏది కలగన్నానో ఒక్కోసారి నాకే తేలదు. వంతెన దగ్గర జరిగింది మాత్రం కల కాదు.

మేం కోనసీమలోనే ఒక చిన్న బస్తీలో ఉండేవాళ్ళం. ఊరి పేరు చెప్పను. ఆ రోజు దెబ్బలు తిన్నవాళ్ళ పిల్లలూ, కొట్టినవాళ్ళ పిల్లలూ ఇంకా అక్కడే ఉన్నారు. మా ఆయన ఆ ఊళ్ళో పోలీసు సబిన్‌స్పెక్టరు. స్టేషను వెనకాల మాకో పెంకుటిల్లు ఇచ్చేరు. వసారాలో కూచుంటే ఎదురుగా కాలవ, దాని మీద వంతెన. వంతెనకి ఇవతల తాలూకా కచేరీ, అవతల బజారు.

నాన్నగారిది కూడా కోనసీమే, కాలవకి ఎగువన గన్నవరం దగ్గర పల్లెటూరు. క్విట్ ఇండియా రోజుల్లో ఊరేగింపులో నడిచి, పోలీసుల చేత దెబ్బలు తిన్న మనిషి. ఎడమ మోచెయ్యి విరిగి, సరిగా అతక్క, ఆ చెయ్యి పూర్తిగా చాచలేకపోయేవారు. అలాంటాయన కొన్నేళ్ళు తిరిగేసరికి కూతుర్ని పోలీసాయనకిచ్చేరని ఊళ్ళో చాలామంది ముక్కున వేలేసుకున్నారు. అడిగినవాళ్ళకి నాన్నగారు ఒకటే చెప్పేవారు, దేశం మనదయ్యేక పోలీసులూ మనవాళ్ళే కదా అని. ఆ మాట పైపైన అన్నది కాదు, నిజంగా నమ్మేరు.

నన్ను పురిటికి తీసికెళ్ళడానికి ఆయన పడవలో వచ్చేరు. అమ్మ పంపిన పూతరేకులూ, ఒక అరటిగెలా దింపించుకుని, మర్నాడే బయల్దేరదామన్నారు. ఆ సాయంత్రమే కబురొచ్చింది, ఆంధ్ర రాష్ట్రం కావాలని మద్రాసులో నిరాహార దీక్ష పట్టినాయన కన్నుమూసేరని. తెల్లారేసరికి బజారు మూతపడింది. పడవలు ఎక్కడివక్కడ లాకుల దగ్గర కట్టేసేరు. నల్లజెండాలు పట్టుకుని పిల్లా పెద్దా వీధుల్లో తిరిగేరు. వాళ్ళ పాటలు మంచులోంచి వచ్చేవి. దగ్గరో దూరమో తెలిసేది కాదు. నాన్నగారు మా ఇంట్లోనే ఉండిపోయేరు.

రెండో రోజు సాయంత్రం భోజనాల దగ్గర వాదన మొదలైంది. కచేరీని తగలబెట్టేస్తారన్న పుకారు పుట్టి, అక్కడి ఉద్యోగులు భయపడి, వంతెన మీద తుపాకులతో పోలీసుల్ని నిలబెట్టమని మా ఆయన్ని ఒత్తిడి చేస్తున్నారు. ఆయన ఆ సంగతి చెప్పి, తుపాకులు స్టేషను గదిలోనే ఉంచి తాళం వేసేనన్నారు.

"తుపాకీ చేతిలో ఉంటే భయపడ్డవాడు పేలుస్తాడండి. కర్ర ఉంటే భయపడ్డవాడు కర్రే ఊపుతాడు."

నాన్నగారికి ఆ మాట నచ్చింది. కాని అక్కడితో ఊరుకోలేదు. కర్ర మాత్రం ఎందుకన్నారు. ఏడుస్తున్న జనం ముందుకి కర్రలు పట్టుకుని వెడితే ఆ ఏడుపు కోపం అవుతుందన్నారు. ఉత్త చేతుల్తో వెళ్ళి నిలబడమన్నారు.

"రాళ్ళు పడితేనండీ?"

"పడనివ్వండి బాబూ."

మా ఆయన అన్నం కలపడం ఆపేరు. "నా తల మీద పడితే పడనిస్తాను మావయ్యగారూ. నా వెనకాల నిలబడ్డవాళ్ళ తలల మీద పడనిచ్చే హక్కు నాకెక్కడిది?"

తను పూర్వం పనిచేసిన స్టేషనులో ఒక కానిస్టేబులుకి గొడవల్లో రాయి తగిలి కన్ను పోయిందట. అతనికి ముగ్గురాడపిల్లలు. పోలీసుల దౌర్జన్యం గురించి ఆ ఊళ్ళో ఎన్నో సభలు పెట్టేరు గాని, ఆ కన్ను గురించి ఏ సభలోనూ ఎవరూ ఒక్క మాట అనలేదన్నారు.  నాన్నగారు మజ్జిగన్నం వేళ్ళతో కెలుకుతూ కూచున్నారు. నేను గోడకి చేరబడి వింటున్నాను. వాళ్ళ గొంతులు నీళ్ళ అడుగునించి వస్తున్నట్టుండేవి. మధ్యలో ఒక కునుకు కూడా తీసేనేమో. కళ్ళు తెరిచేసరికి నాన్నగారు మెల్లిగా అంటున్నారు:

"నా చెయ్యి విరగ్గొట్టినవాడు నా మొహం చూడలేదు బాబూ. చూసుంటే కొట్టేవాడు కాడు."

"అందుకేనండి, మొహాలు చూడొద్దని మాకు నేర్పుతారు," అన్నారు మా ఆయన. "చూస్తే చెయ్యి లేవదు."

ఆ తరవాత ఇద్దరూ లేచి చేతులు కడుక్కున్నారు. పక్కపక్కన మంచాల మీద కూచుని పూతరేకులు తిన్నారు.

మర్నాడు పొద్దున్న నాన్నగారు పడవల సంగతి కనుక్కొస్తానని బయటికి వెళ్ళేరు. పడవలూ లేవు, ఏమీ లేదు. అవతల జనం పోగవుతుంటే కాళ్ళు ఆగక వాళ్ళలో కలిసేరు. నేను వసారాలో కుర్చీ వేసుకుని కూచున్నాను. మంచు ఇంకా పల్చబడలేదు. వంతెనకి అవతల తెల్లటి పంచెలు, ఇవతల ఖాకీ చొక్కాలు. ఆ మంచులో రెండూ ఒకే రంగులోకి వస్తున్నట్టున్నాయి. అంతమంది ఉన్నా గాలిలో ఏదో నిశ్శబ్దం. కొబ్బరిపీచు నానబెట్టిన వాసన కాలవ మీంచి వస్తోంది. మా ఆయన వంతెన మధ్యలో నిలబడి ఏదో చెప్తున్నారు, చెయ్యి పైకెత్తుతున్నారు. మాటలు నాకు వినపడలేదు.

ముందు రాళ్ళు నీళ్ళలో పడ్డ చప్పుడు విన్నాను. చేప ఎగిరిందేమో అనుకున్నాను. ఆ వెంటనే ఖాకీల వరసలో ఒకాయన మోకాళ్ళ మీద కూలబడ్డాడు. మా ఆయన ఈల మోగింది. కర్రలు లేచేయి.

అన్నం వార్చినంతసేపు కూడా పట్టలేదు. దూరం నించి చూస్తే ఒడ్లు దంచుతున్నట్టుంది. జనం ఒక్కసారి వెనక్కి తిరిగి బజారు వేపు పరుగెత్తేరు. ఆపమని మా ఆయన మళ్ళీ ఈల వేసేరు. కర్రలు ఆగలేదు. పరుగెత్తేవాళ్ళ వెనకాలే వెళ్ళి వీపుల మీద, కాళ్ళ మీద కొడుతూనే ఉన్నారు. ఆయన ఈల వేస్తూ తన మనుషుల చొక్కాలు పట్టి వెనక్కి లాగడం చూసేను. అప్పుడు ఆగింది. వంతెన మీద చెప్పులు, కండువాలు, విరిగిన ఒక గొడుగు. నాకు మాత్రం, ఇదంతా ఇదివరకెప్పుడో చూసేసేనన్నట్టుంది. 

కాసేపటికి నాన్నగారొచ్చేరు. ఆయన ఒంటి మీద దెబ్బ లేదు. రాయి తగిలిన కానిస్టేబుల్ని ఇంకొకాయనతో కలిసి నడిపించుకొస్తున్నారు. వెనకాల ఇద్దరు మనుషులు ఒక కుర్రవాణ్ణి చేతుల మీద మోసుకొస్తున్నారు. బట్టల కొట్లో గుమాస్తా అట, కొత్తగా పెళ్ళయినవాడు. మోకాలు విరిగిపోయింది. ఆస్పత్రి బజారు అవతల ఉంది. ఆ గొడవలో దాటి వెళ్ళడానికి లేదు. కాంపౌండరు వచ్చేదాకా ఇద్దర్నీ మా వసారాలో పక్కపక్కన చాప మీద పడుకోబెట్టేరు.

నేను పాత నేతచీర చింపి కానిస్టేబులు నుదుటికి కట్టేను. ఆయన కాట్రేనికోన వేపు మనిషి, చేపలు పట్టే ఇంట్లో పుట్టినవాడు. రిటైరయ్యే వయసు. గుమాస్తా పళ్ళ బిగువున నొప్పి ఓర్చుకుంటున్నాడు. ఒకే చెంబుతో ఇద్దరికీ నీళ్ళు పట్టేను. కానిస్టేబులు కట్టు కింద నించి పక్కకి చూసి, కోపం ఏమీ లేకుండా అడిగేడు.

"రాయేసింది నువ్వా బాబూ?"

"నేను కాదండి," అన్నాడా కుర్రవాడు. "నేను తిరిగి వెళ్ళిపోతున్నాను. వెనక నించి తగిలింది."

అప్పటికే మా ఆయన మెట్ల దగ్గరికొచ్చి నిలబడి ఉన్నారు. ఆ మాట విన్నారు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, లోపలికీ రాకుండా, వెనక్కీ వెళ్ళకుండా చాలాసేపు అక్కడే ఉండిపోయేరు.

తరవాత విచారణ పెట్టేరు. కాకినాడ నుంచి పెద్దాఫీసరొకాయన వచ్చి తాలూకా కచేరీలో కూచున్నారు. కచేరీవాళ్ళు తుపాకులెందుకు తీసుకెళ్ళలేదని మా ఆయన మీద ఫిర్యాదు చేసేరు. ఊరివాళ్ళు కర్రలెందుకు ఎత్తేరని ఫిర్యాదు చేసేరు. కళ్ళారా చూసినవాళ్ళు వచ్చి చెప్పొచ్చని చాటింపు వేయించేరు. పడవలు మళ్ళీ తిరుగుతున్నాయి. మనం వెళ్ళిపోదామని నేను నాన్నగార్ని బతిమాలేను. ఆయన నా తల నిమిరి, ఒక్కరోజు ఆగుదామన్నారు. ఆయనా వెళ్ళి సాక్ష్యం చెప్తారని నాకు అర్థమయింది. 

ఆ సాయంత్రం మా ఆయన కాలవగట్టున కూచుని ఉంటే నాన్నగారు వెళ్ళి పక్కన కూచున్నారు. నేను తలుపు దగ్గర నించి విన్నాను.

"బాబూ, నేను చూసింది చూసినట్టు చెప్తాను. అందులో మీకు మంచీ ఉంటుంది, చెడ్డా ఉంటుంది."

"ఆయ్, చెప్పండి," అన్నారు ఆయన. "నాకోసం మీరు అబద్ధమాడితే రేపట్నించి మీ ఇంట్లో అన్నం నాకు సయించదు."

నాన్నగారు విచారణలో ఏం చెప్పిందీ తరవాత నలుగురూ నాకు చెప్పేరు. రాళ్ళు ముందు జనంలోంచే వచ్చేయని చెప్పేరట. తుపాకులు తేకపోబట్టి ఆ రోజు ప్రాణాలు మిగిలేయని చెప్పేరట. కాని జనం వెనక్కి తిరిగేక కూడా, ఆపమన్న ఈల వినపడుతున్నా, కర్రలు ఆగలేదని కూడా చెప్పేరట. తను సబిన్‌స్పెక్టరుగారికి మావగారినని చివర్న తనే చెప్పేరట. ఆఫీసరు మా ఆయన్ని పిలిచి ఇది నిజమేనా అని అడిగితే, నిజమేనండి, నా మనుషుల్ని నేను వెంటనే ఆపలేకపోయేను అన్నారట. 

మా ఆయన్ని ఏజెన్సీ కొండల్లోకి బదిలీ చేసేరు. రావలసిన ప్రమోషను ఆగిపోయింది. గుమాస్తా కాలు అతికింది గాని కుంటు మిగిలింది. కానిస్టేబులు ఆ ఏడే ఉద్యోగం మానుకుని తన ఊరెళ్ళిపోయేడు.

నన్ను తీసుకుని నాన్నగారు పడవెక్కేరు. ఎగువకి ప్రయాణం. గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగుతుంటే పడవ కదిలీ కదలనట్టు వెడుతోంది. కొబ్బరితోటల నీడ మా మీదికొచ్చి, జరిగి, మళ్ళీ ఇంకో నీడ వస్తోంది.  చివరికి ఉండబట్టలేక అడిగేను, కొంత చెప్పి కొంత మానేస్తే ఏం పోయేదని.

"నా చెయ్యి ఎలా విరిగిందో ఇన్నాళ్ళూ ఊరందరికీ చెప్పుకున్నానమ్మా," అన్నారు. "ఆ కుర్రాడి కాలు సంగతి దాచేస్తే, ఇంక నా చెయ్యి సంగతి చెప్పుకునే మొహం నాకుంటుందా?"

నాకు ఏడుపొచ్చింది. కోపంతో వచ్చిందో, మరెందుకొచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. ఆయన ఉత్తరీయం మడిచి నా తలకింద పెట్టేరు. అలాగే నిద్రపోయేను.

ఆడపిల్ల పుట్టింది. కబురందుకుని మా ఆయన కొండల్లోంచి సెలవు పెట్టి వచ్చేరు. మావాళ్ళిద్దరూ ఎలా పలకరించుకుంటారో అని అమ్మా నేనూ భయపడ్డాం. ఒక పూటంతా మర్యాదలతోనే సరిపోయింది. మధ్యాహ్నం భోజనాలయ్యేక, పిల్లని ఒళ్ళో పెట్టుకుని నాన్నగారే మొదలెట్టేరు. ఆ రోజు మీరు జనానికి ఇంకాస్త టైము ఇచ్చుండాల్సింది బాబూ అన్నారు. మా ఆయన తువ్వాలు భుజాన వేసుకుని, ఎంత టైమండీ, మీరే చెప్పండి అంటూ ఎదురుగా పీట వేసుకుని కూచున్నారు. అమ్మ నా వేపు చూసి నవ్వింది.

ఆ ఏడాదే రాష్ట్రం వచ్చింది. వాదన మాత్రం తెగలేదు. మేం ఏ వేసవికి వచ్చినా ఏదో ఒక ఊళ్ళో గొడవలూ, లాఠీలూ పేపర్లో ఉండేవి, దాంతో మళ్ళీ మొదలయ్యేది. పోలీసులు కర్ర పట్టకుండా ఉండే రోజు రావాలనేవారు నాన్నగారు. జనం రాయి పట్టకుండా ఉండే రోజు కూడా దాంతోపాటే రానివ్వండి అనేవారు మా ఆయన.

నాలుగేళ్ళ తరవాత అనుకుంటాను, మేం మైదానంలోకి తిరిగొచ్చేక, ఒక ఉదయం స్టేషను వెనక ఖాళీస్థలంలో మా ఆయన కొత్త కానిస్టేబుళ్ళ చేత డ్రిల్లు చేయించడం చూసేను. ఈల వేస్తే కర్రలెత్తి పరుగెత్తాలి. రెండో ఈలకి ఎత్తిన కర్ర ఎత్తినట్టే ఆగిపోవాలి. ఒకడి కర్ర కొంచెం కిందికి జారినా అందర్నీ మళ్ళీ మొదట్నించీ చేయించేవారు. ఎండ చుర్రుమనేదాకా అదే పని. ఆ కుర్రాళ్ళు విసుక్కుంటుంటే ఆయన అన్నారు:

"వెనక్కి తిరిగినవాడు మీ మాట విన్నవాడు. మాట విన్నవాణ్ణి కొట్టేవాడు నా స్టేషనులో ఉండడానికి లేదు."

ఆ వేసవికి మా పుట్టింటికి వెళ్ళినప్పుడు ఈ సంగతి నాన్నగారికి చెప్పేను. ఆయన అరటిదొప్పలో పిల్లకి ముంజలు వొలిచి పెడుతున్నారు.  మీ ఆయన ఎక్కడున్నారని అడిగేరు. కాలవకి స్నానానికి వెళ్ళేరన్నాను. ముంజ పిల్ల నోట్లో పెట్టి, తువ్వాలు తీసుకుని, ఆయనా కాలవ వేపు నడిచేరు.