హిల్కా అత్త విదేశీ ప్రయాణాలు

హిల్కా అత్త నిద్రలో ఉండగా ఆవిడ ఊరిని ఎత్తుకుపోయారు. పాత సంవత్సరం చివరి రాత్రి కుయివలంపి మునిసిపాలిటీలో పడుకున్న మనిషి, తెల్లారేసరికి అదే మంచం మీద రౌతసాల్మి పట్టణంలో లేచింది. విలీనమట, చిన్న మునిసిపాలిటీని పట్టణంలో కలిపేశారట. ఆవిణ్ణి ఒక్కరూ అడగలేదు.

ఆ రోజు నుంచీ ఆవిడకి ఒకటే పట్టు: రౌతసాల్మి పరాయి దేశం. అంత కిట్టని చోటికి వెళ్లడం మానేసిందా అంటే అదీ లేదు. రోజూ పొద్దున్నే బస్సెక్కేది, పాస్‌పోర్టుతో సహా.

నేనూ ఆ బస్సులోనే. మా ఊరి లైబ్రరీని పట్టణం వాళ్లు మూసేసి, అందులో మంచు తోసే యంత్రాలు పెట్టుకున్నారు. బడి మధ్యలో మానేసినవాణ్ణి, పనీ లేదు, కారూ లేదు. ఉన్నదల్లా పుస్తకాల యావ, లోకం మీద కోపం. పుస్తకాలేమో రౌతసాల్మిలో ఉన్నాయి. ఆ బస్సు లేకపోతే చలికాలమంతా కోపంతోనే కాలక్షేపం చెయ్యాలి.

పాత సరిహద్దు ఒక బంగాళాదుంపల చేను. అది రాగానే అత్త పాస్‌పోర్టు తీసి డ్రైవరు రైమోకి చూపించేది.

"దీని గడువు ఎప్పుడో అయిపోయిందక్కా."

"మా ఊరిదీ అయిపోయిందన్నారు. నేను నమ్మానా?"

"సంచిలో ఏమున్నాయి?"

"యాలకుల రొట్టె. నీకు పెట్టను."

పట్టణంలో బెంచీ మీద కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న ఫ్లాస్కు కాఫీ తాగేది. అక్కడి మరుగుదొడ్డికి కూడా వెళ్లేది కాదు. "ఈ ఊరికి నా దగ్గర్నించి ఏదీ దక్కనివ్వను," అనేది. తిరుగు బస్సులో నా ఒళ్లోకి తొంగి చూసేది.

"అంత లావు పుస్తకం చదివితే ఏమొస్తుందిరా?"

"కోపం."

"అది నీకు తక్కువైందా?"

ఓ ఫిబ్రవరిలో మంచు మీద జారి, చీలమండ బెణికి, అత్త రావడం మానేసింది. బస్సులో నేనొక్కణ్ణే. రైమో అద్దంలో నన్ను చూసి, "త్వరగా చదివెయ్. ఈ బస్సు ఇంకెన్నాళ్లో ఉండదు," అన్నాడు.

"ఏం?"

"రోజూ ఇద్దరైనా ఎక్కకపోతే ఆపేస్తామని పట్టణం వాళ్లు చెప్పేశారుగా. నువ్వొకడివి. మరి ఆవిడకి అక్కడ ఏం పని ఉందనుకున్నావ్, కాఫీ తాగడమా?"

మర్నాడు అత్త కాలికి రెండు ఉన్ని మేజోళ్లు తొడుక్కుని, మంచు మీద తోసుకెళ్లే బండిని ఊతగా పట్టుకుని కుంటుకుంటూ బస్సు దగ్గరికొచ్చింది. చెయ్యి అందివ్వబోతే, "విదేశాలకి ఒంటరిగా వెళ్లొచ్చినదాన్ని, జరుగు," అంది.

ఆఖరిసారి ఆవిణ్ణి కలిసింది ఆ బస్‌స్టాపులోనే. దూరంగా ఒక కలప కోత మిల్లులో నాకు పని దొరికింది, పాత కారు కొన్నాను.

"అత్తా, ఇక నాకు బస్సు అక్కర్లేదు. రైమో అంతా చెప్పాడు. హాయిగా ఇంట్లో కూర్చోండి."

అత్త నన్నూ, నా కారునూ ఎగాదిగా చూసింది.

"వాడి నోట్లో ఏదీ ఆగదు. అయినా ఇప్పుడెలా మాననురా? మన ఊరి తుర్పైనెన్ వాళ్ల పిల్ల ఈ బస్సులోనే పట్టణం వెళ్లి అకార్డియన్ నేర్చుకుంటోంది. అది వాయిస్తే ఒక్కసారి విను, చెవులు మూసుకుంటావు. ఎవరో ఒకరు దగ్గరుండి దాన్ని సరిహద్దు దాటించాలా, వద్దా?"